‘అట’ లేని కథ: మాధవన్ తొలి దర్శకత్వం

నటుడిగా రెండు దశాబ్దాలు పేరు నిలుపుకున్న ఆర్. మాధవన్ తొలిసారి దర్శకత్వం వహించిన ‘రాకెట్రీ: ది నంబి ఎఫెక్ట్’ 2022 జులై 1న విడుదలైంది. ఇస్రో శాస్త్రజ్ఞుడు ఎస్. నంబి నారాయణన్ జీవితం ఇందులోని వస్తువు. మొదట అనంత్ మహదేవన్ చేతిలో ఉన్న దర్శకత్వ బాధ్యత 2019లో మాధవన్ మీద పడింది. దాంతో రచన, నిర్మాణం, దర్శకత్వం, ప్రధాన పాత్ర ఒక్కరివే అయ్యాయి. 2021 సంవత్సరపు ఉత్తమ కథాచిత్రంగా దీనికి జాతీయ పురస్కారాన్ని 2023 ఆగస్టులో ప్రకటించారు. మెచ్చినవారిలో మేమూ ఉన్నాం. అయితే రెండోసారి చూసినప్పుడు ఏదో అసంతృప్తి పట్టుకుంది. దాని మూలం వెతుక్కుంటూ పోతే అది కెమెరా దగ్గరో కూర్పు దగ్గరో దొరకలేదు. మనమంతా రోజూ వాడే ఒక చిన్న ప్రత్యయం దగ్గర దొరికింది.

ఈ పత్రిక చదివేవారికి ఈ చిత్రంతో ఒక చుట్టరికం ఉంది. నంబి నారాయణన్ నాగర్‌కోయిల్ తమిళుడు. ఆయన 1941లో పుట్టేనాటికి ఆ ఊరు తిరువాన్కూరు సంస్థానంలో ఉండేది. 1956 నవంబరులో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆయన కాపురం మాత్రం తిరువనంతపురంలో. మాధవన్ జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తమిళుడు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, కాలేజీలో ఇంకొకటి. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో ఉన్న మన పిల్లలకు ఇది చెప్పి తెలియజేయవలసిన సంగతి కాదు. చిత్రాన్ని కూడా తమిళం, హిందీ, ఇంగ్లీషు మూడింటిలో తీశారు. తెలుగుకు వచ్చింది అనువాదం. అందులో తిరువనంతపురం వీధులన్నీ తెలుగే మాట్లాడతాయి. అనువాద చిత్రానికి అది తప్పనిది కనుక దాని మీద మాకు తగవు లేదు. మా తగవు వేరు.

ముందుగా అందరూ ఒప్పుకున్న వాస్తవాలు చెప్పుకోవాలి. 1994 అక్టోబరు 15న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. మొదటిసారి విజయవంతంగా ఎగిరింది. దాని రెండో దశకు బలమిచ్చింది వికాస్ ఇంజను. ఫ్రాన్సువారి వైకింగ్ ఇంజను పరిజ్ఞానం నేర్చుకుని మనవాళ్లు తయారుచేసినది అది. ఆ పనిలో ముఖ్యులలో నంబి ఒకరు. ఆ విజయానికి ఆరు వారాలు నిండిన తరువాత, నవంబరు 30న, కేరళ పోలీసులు గూఢచర్యం ఆరోపణ మీద ఆయనను అరెస్టు చేశారు. యాభై రోజులు నిర్బంధంలో ఉన్నారు. 1996లో సి.బి.ఐ. ఆ ఆరోపణలు నిలవవని తేల్చింది. మళ్లీ దర్యాప్తు చేయాలన్న రాష్ట్రప్రభుత్వ ప్రయత్నాన్ని 1998లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2018 సెప్టెంబరు 14న అదే కోర్టు, ఆ అరెస్టు అనవసరమైనదని చెప్పి 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. 2019లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. కనుక ఆయన నిర్దోషిత్వం విషయంలో ఎవరికీ సందేహం ఉండనక్కరలేదు. మేము పైన చెప్పిన వాక్యాలన్నిటికీ ‘చేశారు’, ‘తేల్చింది’, ‘కొట్టివేసింది’ అనే నిశ్చయక్రియలే వాడాం. వాటికి ఆ అర్హత ఉంది.

ఇప్పుడు చిత్రం. తెర అంతరిక్షంలో తెరుచుకుంటుంది. కెమెరా నక్షత్రాల మధ్య నుంచి దిగి దిగి, భూగోళం దాటి, తిరువనంతపురంలో ఒక ఇంట్లోకి వస్తుంది. తొలి దర్శకుడి ఉత్సాహం కనిపిస్తున్నా, ఆ ప్రయాణం అర్థవంతమైనదే. అంత ఎత్తు చూసిన మనిషిని వీధిలోకి ఈడ్చారని రాబోయే కథను ఒక్క కదలికలో చెప్పేస్తుంది. తరువాత అరెస్టు, కుటుంబం మీద గుంపు దౌర్జన్యం. అక్కడి నుంచి ఏళ్లు దాటి ఒక టెలివిజన్ ముఖాముఖి. తమిళంలో సూర్య, హిందీలో షారుఖ్ ఖాన్ తమ పేర్లతోనే కూర్చుని అడుగుతారు, నంబి చెబుతారు. ప్రిన్స్‌టన్ చదువు, ప్రొఫెసర్ క్రొక్కో శిష్యరికం, బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా అన్నీ ఆయన నోటి నుంచే వస్తాయి. పూర్వార్ధం హుషారుగా, మెరుపుగా సాగుతుంది. ఉత్తరార్ధంలో మెరుపు తగ్గి కెమెరా ముఖాలకు దగ్గరవుతుంది. ఈ మార్పును మాధవన్ తెలిసే చేశారని మా అభిప్రాయం. చేయి తిరగనివాడి పని కాదది.

మరి కొరత ఎక్కడ? వ్యాకరణంలోకి కాస్త వెళ్లాలి. తెలుగులో ‘వాడు వచ్చాడు’ అంటే చెప్పేవాడు ఆ మాటకు పూచీ పడుతున్నాడు. ‘వాడు వచ్చాడట’ అంటే మరొకరి మాటను అందిస్తున్నాడు. ఒక్క ‘అట’తో పూచీ చేతులు మారుతుంది. తమిళంలో ‘వందాన్’ అన్నది ‘వందానామ్’ అవుతుంది. కన్నడంలో ‘బంద’ అన్నది ‘బందనంతె’ అవుతుంది. మరాఠీలో ‘ఆలా’ పక్కన ‘మ్హణే’ చేరుతుంది. ఒడిశా విద్యార్థులు తమ ఇరుగుపొరుగు మాటల్లో దీనికి సాటి ఏమిటో గమనించి మాకు రాస్తే సంతోషిస్తాం. ఇంగ్లీషులో ఇంత చిన్న పనిముట్టు లేదు. అనుకుంటారనో, విన్నామనో మరో వాక్యఖండం తగిలించాలి. ‘అట’ అంటే అబద్ధమని మాత్రం అర్థం కాదు. ‘మీ ముత్తాత బర్మా నుంచి నడిచి వచ్చాడట’ అని అమ్మమ్మ చెప్పినప్పుడు ముత్తాతను అనుమానించడం లేదు. తాను చూడలేదని, విన్నానని, విన్నది విన్నట్టు అప్పగిస్తున్నానని చెబుతోంది.

సినిమాకు పుట్టుకతో ‘అట’ లేదు. తెర మీద చూపినదల్లా జరిగినట్టే. కనుక దానికోసం దర్శకుడు ఏదో ఒక ఏర్పాటు చేసుకోవాలి. కురొసావా 1950లో ‘రషోమోన్’లో ఒకే ఘటనను నలుగురి నోట వేర్వేరుగా చూపి ఆ పని చేశారు. నటుడి తొలి దర్శకత్వం, అదీ జీవితచరిత్ర అన్న లెక్కలో మాధవన్ చిత్రం పక్కన పెట్టదగినది జార్జ్ క్లూనీ 2002లో తీసిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ డేంజరస్ మైండ్’. చక్ బారిస్ అమెరికా టెలివిజన్‌లో ‘ద డేటింగ్ గేమ్’, ‘ద గాంగ్ షో’ వంటి కార్యక్రమాలు నడిపిన మనిషి. ఆయన 1984లో ఒక ఆత్మకథ రాశాడు. తాను రహస్యంగా సి.ఐ.ఏ. తరఫున హంతకుడిగా పనిచేశానని, 33 మందిని చంపానని అందులో చెప్పుకున్నాడు. ఆ సంస్థ కాదంది. అటువంటి పుస్తకాన్ని క్లూనీ ఎలా తీశాడన్నది మనకు పాఠం. హత్యలను హత్యలుగానే చూపించాడు. కాని మధ్యమధ్య బారిస్‌ను నిజంగా ఎరిగిన డిక్ క్లార్క్ వంటివారిని కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఫోనులో మాట్లాడుకునే ఇద్దరి గదులను ఒకే సెట్టు మీద పక్కపక్కన నిలిపాడు. టెలివిజన్ స్టూడియో చూడడానికి వచ్చిన బారిస్ అక్కడే ఉద్యోగి అయిపోవడాన్ని కోత లేకుండా ఒకే షాటులో చూపాడు. గోడలు కదులుతాయి, కాలం జారుతుంది. ఈ సొగసు చూసి కొందరు ఆడంబరం అన్నారు. మాకు మాత్రం అది వ్యాకరణమనిపించింది. ఇది సెట్టు సుమా, ఇది ఒకడు చెబుతున్న కథ సుమా అని గోడ కదిలిన ప్రతిసారీ తెలుస్తుంది. చిత్రమంతా ఒక పెద్ద ‘అట’. ఇంకొక సంగతి. క్లూనీ తానే కథానాయకుడు కాలేదు. శామ్ రాక్‌వెల్‌కు ఆ పాత్ర ఇచ్చి, తాను పక్కనుండే గూఢచారి వేషం వేసుకున్నాడు. నాయకుణ్ణి బయట నుంచి చూసే చోటు ఒకటి తనకు మిగుల్చుకున్నాడు.

బారిస్‌కూ నంబికీ పోలిక ఏమిటని కోపగించుకోవద్దు. ఒకడు ఎవరూ మోపని హత్యలు తన మీద వేసుకున్నవాడు. మరొకరు చేయని నేరం మోపించుకున్నవారు. పోలిక మనుషుల మధ్య కాదు, చెప్పే పద్ధతుల మధ్య. మాధవన్‌కు ‘అట’ చేతికందేంత దగ్గరలోనే ఉంది. ముఖాముఖి అన్న చట్రమే ఒక ‘అట’ కదా! ‘మీరు ఇలా చెబుతున్నారు, సరే, ఆనాడు మీతో ఉన్నవారు ఏమంటారు?’ అని అడిగేవాడు ఒక్కసారి అడిగితే చాలు. సూర్య అడగరు. సూతుడు చెబుతుంటే శౌనకాదులు విన్నట్టు విని, ఆశ్చర్యపడి, కళ్లు తుడుచుకుంటారు. ఇక తెర మీదికి వచ్చే గతానికి పూచీదారు ఎవరో తెలియకుండా పోతుంది. బ్రిటన్‌లో ఒక కంపెనీ అధిపతిని మాటలతో మెప్పించి గొప్ప విలువైన పరికరాలను ఉచితంగా తెచ్చిన ఘట్టమూ, రష్యా నుంచి క్రయోజెనిక్ సామగ్రిని అమెరికా కన్నుగప్పి తరలించిన ఘట్టమూ, పోలీసు నిర్బంధంలోని దెబ్బలూ ఒకే నిశ్చయక్రియలో వస్తాయి. కోర్టు తేల్చినదానికీ, ఒక పెద్దమనిషి జ్ఞాపకం చేసుకున్నదానికీ తేడా లేదు.

దీనివల్ల నష్టపోయింది ఎవరు? 2022 ఆగస్టులో ఇస్రోలో పనిచేసి విరమించిన కొందరు శాస్త్రజ్ఞులు తిరువనంతపురంలో పత్రికలవారిని పిలిచి, చిత్రంలో నంబి ఘనతలుగా చూపినవాటిలో చాలా భాగం నిజం కాదన్నారు. వారి మాట ఎంతవరకు సరైనదో తూచడం మా పని కాదు. రాకెట్ల చరిత్ర రాసేవారు చూసుకుంటారు. మాకు బాధ కలిగించింది వేరు. ‘ఆయనకు ఇలా గుర్తు’ అని చిత్రం ఒక్క సూచన చేసి ఉంటే ఆ వివాదం జ్ఞాపకాల తేడాగా ఉండేది. సూచన లేకపోవడం వల్ల, ఇంజనుల దగ్గర సందేహం వచ్చినవాడు జైలు గది దగ్గర కూడా సందేహించడానికి వీలు దొరికింది. ఏ మనిషి మంచిపేరు నిలబెట్టడానికి చిత్రం తీశారో, ఆ మంచిపేరు మీదికే ఆ నీడ వచ్చింది. నిర్దోషి పక్షాన వాదించే వకీలు సాక్ష్యం ఉన్నమాటా లేనిమాటా కలిపి చెబితే ఎదుటి వకీలుకే లాభం.

చివర మాధవన్ చేసిన పని అందరికీ గుర్తుండిపోయింది. ముఖాముఖి ముగిసేవేళ నటుడు తప్పుకుని అదే కుర్చీలో అసలు నంబి నారాయణన్ కనిపిస్తారు. హాలులో మా పక్కన కూర్చున్నవారు లేచి నిలబడ్డారు. మాకూ గొంతు పట్టుకుంది. నటుడికి ఇంతకంటే వినయం ఉండదు. విమర్శకుడిగా మాత్రం ఒకటి చెప్పాలి. అసలు మనిషి ఎదుట కూర్చున్నాక ప్రేక్షకుడు ఏమీ అడగలేడు. పెద్దవారి ముందు నోరెత్తకూడదన్న మర్యాద అడ్డం వస్తుంది. అప్పటిదాకా చెప్పినవాటన్నిటి మీదా ఆ ముఖం ఒక ముద్రలా పడుతుంది.

ఇంతకు భిన్నంగా మాధవన్ తన నాయకుడి తరఫున వాదించని చోటు ఒకటి ఉంది. చిత్రంలో అదే ఉత్తమమైనది. ఫ్రాన్సులో నంబి బృందంలో ఉన్ని అనే యువ ఇంజనీరు ఉంటాడు. ఇంటి దగ్గర అతని బిడ్డ చనిపోతుంది. కబురు ముందు నంబికి చేరుతుంది. పరీక్ష ముగిసేదాకా ఆయన చెప్పడు. తరువాత తెలిసిన ఉన్ని కోపం, దానికి జవాబు లేని నంబి ముఖం. ఇక్కడ నంబి చేసింది ఒప్పని చిత్రం అనదు, తప్పనీ అనదు. పని ముఖ్యమనుకున్న మనిషి ఏం చేయగలడో చూపించి ఊరుకుంటుంది. ఏళ్ల తరువాత నిర్బంధంలో ఉన్న నంబిని చూడడానికి ఉన్ని వచ్చినప్పుడు ఆ పాత గాయం గదిలో మూడో మనిషిలా ఉంటుంది. నటుడు మాధవన్‌కు ఒళ్లు పెంచుకోవడం, గడ్డం నెరవనివ్వడం కంటే ఈ నిమిషాలే కష్టమై ఉంటాయి. ఎదుటివాడి కళ్లతో తన పాత్రను చూసుకోవలసివచ్చిన చోటు ఇది. ఇంకో రెండు చోట్ల ఇలా చూసుకుని ఉంటే మేము ఈ వ్యాసం రాయవలసివచ్చేది కాదు.

తెలుగులో నటుడి తొలి దర్శకత్వం, జీవితచరిత్ర అనగానే చిత్తూరు నాగయ్య 1946లో తీసిన ‘త్యాగయ్య’ తలపుకు వస్తుంది. నాయకుడు, నిర్మాత, దర్శకుడు అన్నీ ఆయనే. వస్తువు మన చదువరులకు అతి దగ్గరిది: తిరువయ్యారులో, తమిళదేశం నడిమధ్యన, తెలుగులో పాడుకున్న మనిషి. కాని నాగయ్యకు మాధవన్ చిక్కు లేదు. త్యాగరాజు 1847లోనే పోయాడు. రాజు పిలిస్తే వెళ్లలేదట, అన్న విగ్రహాలను కావేరిలో పారేశాడట అని ఆ కథలు నూరేళ్లు జనం నోట ‘అట’లతోనే తిరిగాయి. తెర మీద లేకపోయినా ప్రేక్షకుడు తన ఇంటి నుంచి ‘అట’ తెచ్చుకుని కూర్చుంటాడు. బతికి ఉన్నవారి కథకు ఆ సదుపాయం లేదు. పత్రికలు, కోర్టు తీర్పులు, తోటి ఉద్యోగులు అందరూ ఉన్నారు.

సిమ్రన్ గురించి చెప్పకపోతే అన్యాయం. మాధవన్‌తో ఆమె 2002లో మణిరత్నం ‘కన్నత్తిల్ ముత్తమిట్టాల్’లో భార్యగా చేసింది, తెలుగువారు ‘అమృత’ పేరుతో చూశారు. ఇక్కడ మళ్లీ భార్యే, నంబి ఇల్లాలు మీన. భర్త విడుదలై వచ్చాక మనసు చెదిరిన మనిషిగా ఆమె కనిపించే సన్నివేశాలలో మాటలు చాలా తక్కువ. వానలో భార్యాభర్తలను ఆటో నుంచి దింపేసే ఘట్టంలో మాధవన్ బతిమాలుతాడు, కోపగించుకుంటాడు. ఆమె తడుస్తూ నిలబడుతుంది. ఫ్రాన్సులో, రష్యాలో ఏం జరిగిందో ఆమెకు వినికిడే. ఇంటి మీదికి గుంపు వచ్చిన రోజు మాత్రం ఆమె కళ్లారా చూసింది. ఆ రోజు కథనైనా ఆమె నోట వినిపించి ఉండవచ్చు. చిత్రంలో ప్రశ్నలు వేసింది నంబినే.