అప్పిచ్చిన మాటలు అర్థం మార్చుకుని వస్తే

జపాన్ పార్లమెంటును ఇంగ్లీషులో ‘డైట్’ అంటారు. ఆ సభను గ్రీకులో ‘దీయేత’ అని రాస్తారు. పండగ భోజనాలకు ఒళ్లు పెంచుకున్నవాళ్లకు గ్రీకు డాక్టరు చెప్పేదీ దీయేతే. మాట అసలు గ్రీకులదే. ప్రాచీన వైద్యులకు దీయేత అంటే మనిషి బతికే తీరు, తిండీ నిద్రా వ్యాయామమూ కలిపి పాటించే పథ్యం. అది లాటిన్‌లోకి వెళ్లి, అక్కడ ‘రోజు’ అని అర్థమున్న మాట నీడలో పడి, ఫలానా రోజున కూడే సభగా మారింది. ఆ వేషంతోనే మళ్లీ గ్రీసుకు వచ్చింది.

పాలన గురించీ ఒంటి గురించీ ఇంగ్లీషులో ఉన్నదాన్ని గ్రీకులోకి తెచ్చేవాళ్ల తిప్పలన్నీ ఈ తరహావే. తెలుగు అనువాదకుడు మాట దొరక్క తల పట్టుకుంటాడు. గ్రీకు అనువాదకుడి దగ్గర మాట ఉంటుంది, కాకపోతే అందులో వేరే అర్థం ఎప్పుడో వచ్చి కూర్చుని ఉంటుంది.

‘గవర్నమెంట్’ సంగతే చూడండి. ఓడ చుక్కాని పట్టి నడపడానికి ప్రాచీన గ్రీకులు వాడిన క్రియ లాటిన్ మీదుగా ఇంగ్లీషులో ‘గవర్న్’ అయింది. గ్రీకులో ప్రభుత్వాన్ని ఇప్పటికీ ‘కివేర్నిసి’ అనే అంటారు కాబట్టి ఇక్కడ పేచీ లేదు. పేచీ అంతా ‘గవర్నర్’తో. ‘కివెర్నీతిస్’ అంటే గ్రీకులో ఓడ కెప్టెనూ, విమానం కెప్టెనూ. కాలిఫోర్నియా గవర్నరుకు కూడా ఆ పేరే సరిపోతుంది. కానీ గ్రీసు కేంద్ర బ్యాంకు గవర్నరును అలా అంటే జనం నవ్వుతారు. ఆయన ‘దియికితీస్’. ఆ మాటకు సైన్యంలో అర్థం దళాధిపతి, ఆసుపత్రిలో పరిపాలనాధికారి. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టుకున్నచోట గ్రీకు అనువాదకుడు ముందుగా ఆ మనిషి ఏ కుర్చీలో కూర్చున్నాడో కనుక్కోవాలి.

ఆధునిక గ్రీసుకు మొట్టమొదటి కివెర్నీతిస్ ఇయోఆన్నిస్ కపోదీస్త్రియాస్. 1828 జనవరిలో పదవి చేపట్టాడు, 1831లో నాఫ్‌ప్లియోలో చర్చి వాకిట్లో హత్యకు గురయ్యాడు. ఆయన చదివింది ఇటలీలోని పాదువాలో వైద్యం. పాలనకూ ఒంటికీ కలిపి చరిత్ర ఇంత పొందికగా ఉదాహరణ అందించడం అరుదు.

అసలు చిక్కు ‘రిపబ్లిక్’ దగ్గర. మనకు గణతంత్రం ఒకటి, ప్రజాస్వామ్యం ఇంకొకటి. రాజ్యాంగ పీఠికలోనే రెండూ పక్కపక్కన ఉంటాయి. గ్రీకులో రెంటికీ ‘దిమొక్రతీయ’ ఒక్కటే. గ్రీసు దేశం అధికారిక నామంలో ‘రిపబ్లిక్’ ఉండాల్సిన చోట ఉన్నదీ ఆ మాటే. 1787లో జేమ్స్ మాడిసన్ రాసిన పదో ఫెడరలిస్టు వ్యాసం గ్రీకు అనువాదకుడి బల్ల మీదికి వస్తే ఏం చేయాలి? జనం స్వయంగా ఒకచోట కూడి పాలించుకునేది డెమొక్రసీ, ప్రతినిధుల ద్వారా సాగేది రిపబ్లిక్ అని మాడిసన్ గీత గీశాడు. వ్యాసం బలమంతా ఆ గీతలోనే ఉంది. ఆదమరచి అనువదిస్తే దిమొక్రతీయ కన్నా దిమొక్రతీయ మేలు అని వాదిస్తున్నట్టు తయారవుతుంది.

‘రెపూబ్లిక’ అని లాటిన్ మాటను తెచ్చి పెట్టుకోవచ్చు. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ పేరు విషయంలో చేసింది అదే, లేకపోతే రెండు పార్టీలకూ ఒకే పేరు వచ్చిపడేది. ప్లేటో గ్రంథం పేరైన ‘పొలితీయ’ను వాడదామంటే, అదిప్పుడు రాజ్యం అనే అర్థంలోనూ, అమెరికా రాష్ట్రాలకు పేరుగానూ స్థిరపడిపోయింది. చివరికి దారి చూపింది బ్యాలెట్ పెట్టె. సైనిక పాలన కూలిన 1974లో, డిసెంబరు 8న రాజు కావాలా వద్దా అని గ్రీకులను అడిగారు. ఓటర్ల ముందు పెట్టిన రెండు దారుల్లోనూ దిమొక్రతీయ ఉంది: ఒకటి ‘వసిలెవొమేని’, అంటే రాజున్నది, రెండోది ‘అవసీలెఫ్తి’, అంటే రాజు లేనిది. దాదాపు 69 శాతం మంది రాజు లేనిదానికి ఓటేశారు. మన ఊళ్లలో ఇద్దరు సుబ్బారావులుంటే ఒకరు పొట్టి సుబ్బారావు, ఇంకొకరు పొడుగు సుబ్బారావు అవుతారు చూడండి, అలాగన్నమాట.

గ్రీకు అనువాదకుల ఒడుపు ఈ విశేషణంలోనే ఉంది. ‘పాలిటిక్స్’ అన్నా ‘పాలసీ’ అన్నా గ్రీకులో ‘పొలితికీ’యే. అందుకే ప్రభుత్వ విధానం గురించి చెప్పేటప్పుడు ముందు ‘ప్రజా’ అనే విశేషణం చేర్చి ‘దిమోసియ పొలితికీ’ అంటారు. కొందరు బహువచనంతో గట్టెక్కుతారు: ఏకవచనంలో రాజకీయం, బహువచనంలో విధానాలు. రాజకీయం ఒక్కటే అయినా విధానాలు రకరకాలుగా ఉండటం గ్రీసుకే ప్రత్యేకమేమీ కాదు లెండి.

‘కాన్‌స్టిట్యూషన్’ మాత్రం ఎదురు దారి పట్టింది. ఇంగ్లీషులో అది దేశానికి రాజ్యాంగం, మనిషికి ఒంటి తత్వం. ఫలానావారిది గట్టి కాన్‌స్టిట్యూషన్ అంటే జలుబు దగ్గరికి రాదని. గ్రీకులో ఈ రెండూ కలవవు. రాజ్యాంగం ‘సీంతగ్మ’. 1843 సెప్టెంబరు 3న ఏథెన్స్ దండు, జనమూ ఒథోన్ రాజు భవనం ముందు చేరి అడిగింది దాన్నే. ఆ చోటే సీంతగ్మ చౌరస్తా, ఆ భవనమే నేటి పార్లమెంటు. సైనికుల రెజిమెంటుకూ సీంతగ్మ అనే పేరు. ఒంటి తత్వానికి మాత్రం ప్రాచీన వైద్యుల ‘క్రాసి’ ఉంది, దాని అర్థం మిశ్రమం. ఇంగ్లీషు రచయిత దేశం ఆరోగ్యం మీద చమత్కారంగా ఈ మాటను రెండర్థాల్లో వాడితే గ్రీకులో ఆ చమత్కారం చచ్చినట్టే. తెలుగులో కొంత ఊపిరి మిగులుతుంది, ఎందుకంటే రాజ్యాంగంలో అంగం ఉంది. కౌటిల్యుడు రాజు, మంత్రి, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అని ఏడు అంగాలు లెక్కపెట్టిన నాటి నుంచీ మనకు రాజ్యానికి ఒళ్లుంది.

గ్రీకులూ ఒకప్పుడు ఈ రెంటినీ కలిపే ఆలోచించారు. దక్షిణ ఇటలీలోని క్రొటోన్ నగరంలో అల్క్‌మేయోన్ అనే ఆలోచనాపరుడు ఉండేవాడు, క్రీస్తుకు పూర్వం ఐదో శతాబ్దం వాడు. తడి–పొడి, వేడి–చలువ, చేదు–తీపి వంటి శక్తుల మధ్య ‘ఇసొనొమీయ’ ఉంటే ఆరోగ్యం, వాటిలో ఒక్కదాని ‘మొనార్కియ’ నడిస్తే జబ్బు అన్నాడు. ఒకటి సమాన హక్కుల పాలన, రెండోది ఏకపాలన. ఇంగ్లీషు అనువాదకులు ఇక్కడ ‘ఈక్వాలిటీ’ అనో ‘బ్యాలెన్స్’ అనో సర్దేస్తారు. ఆ ఇంగ్లీషు పుస్తకమే గ్రీకులోకి వెళ్లేటప్పుడు, మంచి అనువాదకుడు ముందున్న ఇంగ్లీషును పక్కన పెట్టి పాత మాటనే తిరిగి పెడతాడు. ఇది అనువాదమా, దొంగ సొత్తు రాబట్టుకోవడమా అని అడిగితే రెండూ అనాలి.

ఒంటి మాటల్లోకి వస్తే తెలుగువాడికి గ్రీకువాడు చుట్టంలా కనిపిస్తాడు. ఇంగ్లీషులో ‘ఆర్మ్’ వేరు, ‘హ్యాండ్’ వేరు. మనకు భుజం నుంచి వేళ్ల దాకా చెయ్యే, వాళ్లకు ‘హేరి’యే. కాలి వేలైనా చేతి వేలైనా మనకు వేలు, వాళ్లకు ‘దాహ్తిలో’. మామూలు మాటల్లో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. శస్త్రచికిత్స కాగితం మీద మాత్రం ఉంది. అక్కడ మళ్లీ విశేషణమే ఆదుకుంది: మణికట్టు దిగువ భాగాన్ని వైద్యులు ‘ఆక్ర హీర’, అంటే కొస చెయ్యి, అంటారు. ‘హీర’ అనేది హేరికి గ్రాంథిక రూపం.

ఈ గ్రాంథికం గొడవ మనకు తెలిసిందే. వాడుక భాష కోసం గిడుగు పోరాడినట్టే అక్కడా రెండు భాషల తగవు నడిచింది. 1976లో గానీ చదువుల్లోంచి ‘కథారెవూస’ అనే గ్రాంథికం దిగలేదు, వాడుక భాష ఎక్కలేదు. వైద్యంలో ఆ పాత భాష ఇంకా కదల్లేదు. కాలేయం డాక్టరు రాతలో ‘ఈపార్’, మాంసం కొట్లో ‘సికోతి’. సికోతి పుట్టుక సరదాగా ఉంటుంది. అంజూర పళ్లు మేపి పెంచిన జంతువు కాలేయానికి పెట్టిన పేరది, పోనుపోనూ మనుషులకీ అంటుకుంది. మందు డబ్బాలో పెట్టే కాగితాన్ని ఇంగ్లీషు నుంచి తెచ్చే మనిషి ఈ రెంటి నడుమ నిలబడతాడు. ఈపార్ అంటే ముసలమ్మకు గుబులు, సికోతి అంటే డాక్టరుకు చిన్నతనం. రోగి చదవాల్సిన కాగితంలో సికోతి రాయడమే సబబు, ఇందులో తటపటాయించాల్సిన పని లేదు.

‘బాడీ’ అనే ఇంగ్లీషు మాట ప్రభుత్వ సంస్థనూ సూచిస్తుంది. గ్రీకులో శరీరం ‘సోమ’, హోమర్ కావ్యాల్లో ఆ మాట శవానికే వాడారని పూర్వ పండితులే గమనించారు. నేడు ఓటర్ల సమూహం సోమ, అగ్నిమాపక దళం సోమ. ఒక ‘పబ్లిక్ బాడీ’ మాత్రం సోమ కాదు, ‘ఫొరేయాస్’. ఆ మాటకు అర్థం మోసేవాడు, బాధ్యతను మోసే సంస్థ కాబట్టి. వైరస్‌ను మోసే మనిషి కూడా ఫొరేయాస్. కొవిడ్ రోజుల్లో ఈ రెండర్థాలూ ఒకే ప్రకటనలో తగలకుండా చూసుకోవడం అనువాదకుడికి అదనపు పని.

ఇక ‘జెండర్’. గ్రీకులో అదీ, ‘సెక్స్’ అనే జీవశాస్త్ర విభజనా కలిపి ‘ఫీలో’. ఎప్పటిలాగే విశేషణం వచ్చింది: సిద్ధాంత గ్రంథాల్లో జెండర్‌ను ‘సామాజిక ఫీలో’ అన్నారు. 2017లో వచ్చిన 4491 నంబరు చట్టం ఏ విశేషణమూ లేకుండా ‘ఫీలో గుర్తింపు’ అని సరిపెట్టుకుంది. చిక్కు ‘జెండర్డ్’ అనే విశేషణానికి వచ్చింది. దానికి ‘ఎంఫిలోస్’ స్థిరపడింది. ఇదే మాటను హెరోడోటస్ తన చరిత్ర ఎనిమిదో పుస్తకంలో ఒకే జాతి లోపలి కలహానికి వాడాడు, ఎందుకంటే ఫీలోకు పాత అర్థం తెగ, జాతి. 1946 నుంచి 1949 దాకా గ్రీసును చీల్చిన అంతర్యుద్ధం పేరు దాని తోబుట్టువు ‘ఎంఫీలియోస్’. దాంతో మహిళల మీద హింస గురించి ఇంగ్లీషు నివేదికను తెచ్చేవాళ్లు ‘ఎంఫిలి’ అని రాసి, ‘ఎంఫీలియ’ అని పడలేదు కదా అని ప్రూఫులో ఇంకోసారి చూసుకుంటారు. తేడా ఒకట్రెండు అక్షరాలు, ఒక స్వరచిహ్నం.