విప్పే ముందు వినాలి

కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల నల్లరేగడి ఎండాకాలమంతా పగుళ్లిచ్చి ఉంటుంది. ఒక్క పెద్దవాన పడితే చాలు, దిగిన చక్రాన్ని వదలదు. కడప వైపు పోతే పెన్నా, పాపఘ్ని ఇసుక, దాటితే లంకమల రాళ్లబాటలు. అహోబిలంలో పావన నరసింహస్వామి గుడికి జీపులు పోయే అడవి దారిని చూసినవాళ్లకు బండి అడుగుభాగం ఎన్ని దెబ్బలు తింటుందో చెప్పక్కర్లేదు. ఈ నేల మీదే జీపు మెకానిక్కుల విద్య పెరిగింది. అందులో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఫోర్‌వీల్ ట్రాన్స్‌ఫర్ కేసు రోగాన్ని పెట్టె విప్పకుండానే పట్టే పద్ధతి.

ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సు వెనక ఉంటుంది. ఇంజను శక్తిని వెనక ఇరుసుకు పంపుతుంది, లివరు వేస్తే ముందు ఇరుసుకూ పంచుతుంది. లో గేరులో లాగుడును దాదాపు రెండున్నర రెట్లు పెంచుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రావాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పటి నుంచి నేటి ఫోర్‌వీల్ క్యాంపర్ దాకా మూలసూత్రం మారలేదు.

అనుభవమున్న మెకానిక్ మొదట స్పానర్ పట్టడు, ప్రశ్న వేస్తాడు. "యాడ తోలినావు? ఫోర్‌వీల్ వేసుకుని తారురోడ్డు ఎక్కినావా?" ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనైతే చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి షాఫ్టులు మెలిపడి లివరు బిగుసుకుపోతుంది. నాలుగు గజాలు వెనక్కి తోలితే చాలాసార్లు అదే వదులుతుంది. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేసినా ఇదే బాధ. ఇది తెలియక పెట్టె విప్పించుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

తర్వాత మోత. బండి నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ట్రాన్స్‌ఫర్ లివరును న్యూట్రల్‌లో ఉంచి, గేరుబాక్సును టాప్ గేరులో వేసి క్లచ్ వదులుతారు. బండి కదలదు, లోపలి గేర్లు తిరుగుతాయి. అప్పుడూ మోత వస్తే దోషం గేరుబాక్సులోనో, ట్రాన్స్‌ఫర్ మొదటి సగంలోనో. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన కేసుకు, పిడి చెవికి ఆనిస్తే ఏ బేరింగో తెలుస్తుంది. మోత ఆగిపోతే ట్రాన్స్‌ఫర్ రెండో సగంలో, దాని తర్వాతి షాఫ్టుల్లో, ఇరుసుల్లో వెతకాలి. యాక్సిలేటర్ తొక్కితే ఒక మోత, వదిలితే ఇంకొకటి అయితే క్రౌన్ పినియన్ మీద అనుమానం.

గేరాయిల్ కూడా సాక్ష్యమే. కాస్త దించి వేళ్ల మధ్య రుద్దితే ఇనుపపొడి గరగరలాడుతుంది. పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు. కేసు మీది చిన్న బ్రీదర్ రంధ్రం మన దుమ్ముకు పూడిపోతుంది. వేడికి లోపలి గాలి బయటికి పోలేక సీళ్లను తోస్తుంది. కాగిన కేసు వంకనీళ్లలో దిగగానే చల్లబడి నీటిని లోపలికి గుంజుకుంటుంది. పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేసు వెనకే ఉండేది. సీలు కారితే ఆయిల్ ఆ డ్రమ్ములోకే పోయేది. అందుకే వాలులో బ్రేకు పట్టడం లేదంటే పెద్ద మేస్త్రీలు లైనింగు కన్నా ముందు సీలు చూసేవారు. ఒక చోటి జబ్బును ఇంకో చోటి లక్షణంతో పట్టడమంటే ఇదే.

ఫోర్‌వీల్ వేసినా ముందు చక్రాలు లాగకపోతే చేసే పరీక్ష ఇంకా అందమైనది. ఇంజను ఆపి, ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి, మిగతా మూడింటికీ రాళ్లు పెడతారు. బండిని ఒకటో గేరులో, లివరును ఫోర్‌వీల్‌లో ఉంచి, లాకింగ్ హబ్బులుంటే లాక్ చేసి, లేపిన చక్రాన్ని చేత్తో తిప్పుతారు. కొంచెం ఆడి ఆగిందంటే అంతా బాగున్నట్టే. తిరిగిందంటే పక్కనుంచి వంగి ముందు ప్రొపెల్లర్ షాఫ్టును చూస్తారు. చక్రంతోపాటు అదీ తిరిగితే హబ్బులు, ఇరుసు మంచివి, ట్రాన్స్‌ఫరే పట్టడం లేదు. షాఫ్టు కదలకుండా చక్రమొక్కటే తిరిగితే దోషం ముందు ఇరుసులో, లేదా ఏదో ఒక హబ్బులో. ఒక జాకీ, నాలుగు రాళ్లు, పది నిమిషాలు.

ఇక కొత్త బండ్ల సంగతి. 2016లో తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం మొదలైంది. అక్కడ తయారయ్యే వి-క్రాస్ పికప్‌లో లివరుకు బదులు తిప్పే నాబ్ ఉంది, కేసు మీద మోటారు ఉంది. డ్యాష్‌బోర్డు మీది ఫోర్‌వీల్ దీపం మిణుకుమంటూ లో గేరు పడకపోతే ముందు బండి పూర్తిగా ఆగిందా, క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో ఉంచారా అన్నది చూడాలి. ఆ తర్వాత బ్యాటరీ, కనెక్టర్‌లో చేరిన బురద, మోటారు చప్పుడు. స్కానర్ వైరింగు తప్పు చూపిస్తుంది గానీ అరిగిన బేరింగును చూపించదు. దానికి ఇప్పటికీ చెవే కావాలి.

ఈసారి ఎవరైనా "పెట్టె దించాలన్నా" అంటే వెంటనే సరే అనొద్దు. ముందు ఆ చక్రం లేపి తిప్పి చూపించమని అడగండి.