జేబులున్న జాకెట్టు

తెలుగింట్లో జాకెట్టు అంటే రవిక. సఫారీ అంటే 1970ల్లో, 80ల్లో బ్యాంకు మేనేజర్లూ పెళ్లికొడుకు మేనమామలూ కుట్టించుకున్న పొట్టిచేతుల సూటు. ఈ రెండు మాటలూ కలిపి ‘ఆడవాళ్ల సఫారీ జాకెట్’ అంటే వినేవాళ్లకు ఒక క్షణం ఏమీ తట్టదు. రవికకు జేబుండదు, చిల్లర డబ్బులు కొంగున ముడేసుకోవాలి, లేదా రవికలోనే దోపుకోవాలి. సఫారీకి ఎటు చూసినా జేబులే.

సఫారీ తరహావీ మిలిటరీ తరహావీ ఆడవాళ్ల పాత జాకెట్లను వెతికి కొని దాచుకునేవాళ్లు అమెరికాలో, యూరప్‌లో చాలామంది ఉన్నారు. చెయ్యి తిరిగినవాళ్లు అలాంటి జాకెట్ కనబడగానే ముందు జేబులో చెయ్యి పెట్టి చూస్తారు. అది నిజం జేబేనా, పైన మూత మాత్రం కుట్టి వదిలేశారా? ఆ జాకెట్ ఎవరి కోసం, ఏ పని కోసం పుట్టిందో సగం అక్కడే తెలిసిపోతుంది.

జేబు కంటే ముందు రంగు సంగతి చెప్పుకోవాలి. ఉర్దూలో ఖాక్ అంటే దుమ్ము, మట్టి. 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ అనే బ్రిటిష్ అధికారి గైడ్స్ దళాన్ని కూడగట్టాడు. ఎర్రకోటు వేసుకుని ఆ బోడికొండల్లో తిరిగితే మైలు దూరం నుంచే కనబడిపోతారు. అందుకే ఆ దళం మట్టిరంగు బట్టలు కట్టింది. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ సైన్యానికి ఖాకీ మామూలైపోయింది. మన పోలీసుల ఒంటిమీదా, ఎన్‌సీసీ పిల్లల ఒంటిమీదా ఉన్నది ఆ వంశమే.

ఆ ఉడుపుల్లో ఊరికే పెట్టింది ఏదీ లేదు. ఛాతీ జేబుకు మధ్యలో మడత ఉంటే సామాను పెట్టినప్పుడు జేబు సాగుతుంది. గుర్రం మీద దౌడు తీసినా లోపలిది జారిపోకుండా మూత, దానికో గుండీ. భుజం మీది పట్టీ సంచి తాడు జారకుండా పట్టి ఉంచుతుంది. కింది జేబులకు పక్కల్లో కూడా మడతలు పెడతారు, తిత్తిలా ఉబ్బడానికి. బట్ట దళసరి నూలు డ్రిల్లు. ఎండలో చెమట పీలుస్తుంది, ముళ్లకంపకు అంత తేలిగ్గా చిరగదు.

సఫారీ స్వాహిలీ మాట, అరబ్బీ నుంచి వచ్చింది. అర్థం ప్రయాణం. హైదరాబాదు ఉర్దూలో వినబడే ‘సఫర్’ దీనికి దగ్గరి చుట్టమే. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ తూర్పు ఆఫ్రికాకు వేటకు వెళ్లాక సంపన్న అమెరికన్లకు ఆ మోజు పట్టుకుంది. న్యూయార్క్‌లో అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణం వాళ్లకు సరంజామా అమ్మేది. 1902లో మొదలైన విల్లిస్ అండ్ గైగర్ కంపెనీ బట్టలు కుట్టేది. రచయిత హెమింగ్వే ‘బుష్ జాకెట్’ కుట్టింది ఈ కంపెనీయే. వేటగాళ్ల పక్కనే ఆడవాళ్లూ అడవిలో తిరిగారు. కాన్సాస్‌కు చెందిన ఓసా జాన్సన్ భర్త మార్టిన్‌తో కలిసి 1920ల్లో కెన్యాలో జంతువుల సినిమాలు తీసింది. ఆ నాటి ఫొటోల్లో ఆమె వేసుకున్న ఖాకీలు మగవాళ్ల కోతవే. ఆడవాళ్ల కోసమే గీసిన నమూనా అప్పటికి అరుదు.

ఆ పని సైన్యం చేయబోయి తప్పటడుగు వేసింది. 1942లో అమెరికా సైన్యంలో మహిళా విభాగం మొదలైంది. మరుసటి ఏడాది దానికి డబ్ల్యూఏసీ అన్న పేరు స్థిరపడింది. వాళ్ల కోట్లు కుట్టే కాంట్రాక్టు మగవాళ్ల బట్టల కంపెనీలకు వెళ్లింది. భుజాలు వెడల్పు, తుంటి ఇరుకు. కుదరక ఎంతోమంది ఇబ్బంది పడ్డారు. ఇక ఛాతీ మీది జేబులు వట్టి మూతలు. గుండీ విప్పితే కింద బట్టే తప్ప సంచి లేదు. సామాను కోసం చేతికి భుజం సంచి ఇచ్చారు. 1942లోనే నావికాదళం తన మహిళా విభాగం వేవ్స్ యూనిఫాం పనిని ఫ్యాషన్ డిజైనర్ మెయిన్‌బోకర్‌కు అప్పగించింది. నడుము దగ్గర కుదురుగా కూర్చున్న ఆ కోటుకు ఇప్పటికీ గిరాకీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో వచ్చిన ఎం-1943 ఫీల్డ్ జాకెట్‌లో ఆడవాళ్ల కోసం వేరే రకం కూడా తయారైంది. మగవాళ్ల దానితో పోలిస్తే తక్కువగా దొరుకుతుంది కాబట్టి సేకరణదారుల కళ్లు దాని మీదే.

యుద్ధం ముగిశాక ఈ బట్ట ఫ్యాషన్ ఇళ్లకు చేరింది. అల్జీరియాలోని ఒరాన్‌లో పుట్టిన ఈవ్ సెయింట్ లారెంట్ 1962లో తన తొలి కలెక్షన్‌ను నావికుల పొట్టి కోటుతో మొదలుపెట్టాడు. 1968లో ఫ్రెంచ్ వోగ్ పత్రిక కోసం సహారియెన్ అనే సఫారీ జాకెట్ తయారుచేశాడు. వెరూష్కా అనే మోడల్ దాన్ని వేసుకుని, భుజాల మీద తుపాకీ అడ్డంగా పెట్టుకుని నిలబడగా ఫ్రాంకో రుబార్తెల్లి ఫొటో తీశాడు. ఆ జాకెట్‌కు ముందువైపు గుండీల వరస లేదు. ఛాతీ దగ్గర కంతల్లోంచి తాడు అల్లి బిగించారు. నాలుగు జేబులు మాత్రం నాలుగూ నిలిచాయి. ఆ తర్వాత ఆయన రెడీమేడ్ దుకాణం రివ్ గోష్‌లో ఆ తరహా జాకెట్లు అమ్మకానికి వచ్చాయి. 1969లో లండన్‌లో ఆ దుకాణం తెరిచిన రోజు తీసిన ఫొటోలో సెయింట్ లారెంట్, ఆయన స్నేహితురాళ్లు బెట్టీ కత్రూ, లులూ ద లా ఫాలేజ్ ముగ్గురూ దుకాణం ముందు నిలబడి ఉంటారు. అక్కడ మగ జాకెట్ ఏది, ఆడ జాకెట్ ఏది అని వెతకబోతే కన్ను తడబడుతుంది.

డబ్బు లేని కుర్రకారు దారి వేరు. వాళ్లకు సైన్యం మిగులు సరుకు అమ్మే దుకాణాలు ఉండనే ఉన్నాయి. 1965లో వచ్చిన ఎం-65 జాకెట్‌కు నాలుగు పెద్ద జేబులు. కాలర్ వెనక జిప్పు తీస్తే అందులో మడిచి దాచిన టోపీ. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులూ, ఆ యుద్ధాన్ని వ్యతిరేకించిన అమ్మాయిలూ ఒకే జాకెట్ వేసుకుని తిరిగారు.

ఈ రెండు దారులూ కాలిఫోర్నియాలోని మిల్ వ్యాలీలో కలిశాయి. శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికలో మెల్ జీగ్లర్ విలేఖరి, ఆయన భార్య పట్రీషియా చిత్రకారిణి. 1978లో ఉద్యోగాలు వదిలేసి బనానా రిపబ్లిక్ అనే దుకాణం పెట్టారు. తొలి సరుకు స్పెయిన్ పారాట్రూపర్ల పాత చొక్కాలు. పట్రీషియా మిగులు సరుకును విప్పి, గుండీలు మార్చి, మోచేతులకు తోలు మాసికలు వేసి కొత్త బట్టగా తీర్చేది. కేటలాగులో ఫొటోలు ఉండేవి కావు. చేత్తో గీసిన బొమ్మలూ, వాటి పక్కన కథలూ. 1983లో గ్యాప్ కంపెనీ దాన్ని కొనేసింది. 1988లో జీగ్లర్లు బయటికొచ్చాక సఫారీ ముచ్చట తగ్గిపోయింది. అందుకే ‘ట్రావెల్ అండ్ సఫారీ క్లోతింగ్’ అన్న లేబులున్న జాకెట్ దొరికితే సేకరణదారులు వదలరు. 1985లో మెరిల్ స్ట్రీప్ నటించిన ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ సినిమా వచ్చాక అలాంటి జాకెట్లు వీధివీధినా కనబడ్డాయి. అప్పుడు అంత పెద్దసంఖ్యలో అమ్ముడయ్యాయి కాబట్టే ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అవి చౌకగా దొరుకుతున్నాయి.

ఇక చదివే విద్య. ఒక అమెరికన్ సఫారీ జాకెట్‌ను బల్ల మీద వెల్లకిలా పరిచారనుకుందాం. మొదట గుండీల వైపు చూడాలి. ఆడవాళ్ల కోసం కుట్టినదైతే వేసుకున్నవాళ్ల కుడివైపు అంచు ఎడమవైపు అంచు మీదికి వస్తుంది. తిరగబడి ఉంటే అది మగవాళ్ల జాకెట్. ఒక అమ్మాయి ఇరవై ఏళ్లు తొడుక్కున్నా దాని పుట్టుక మారదు. తర్వాత లోపలి పక్క కుట్టు వెంబడి వేళ్లు పోనివ్వాలి. అక్కడ బొటనవేలంత గుడ్డ లేబుల్ ఒకటి తగలొచ్చు: ఐఎల్‌జీడబ్ల్యూయూ. ఆడవాళ్ల బట్టలు కుట్టే కార్మికుల యూనియన్ అది. 1995లో ఇంకో యూనియన్‌తో కలిసిపోయింది కాబట్టి ఆ లేబుల్ ఉంటే జాకెట్ అంతకు ముందుదే. ఎరుపు, తెలుపు, నీలం మూడు రంగులూ కనబడితే 1974 తర్వాతది.

ఉతికే పద్ధతి చెప్పే లేబుల్ కుట్టి ఉంటే బహుశా 1972 తర్వాతది. ఆ ఏడాది జులై నుంచి అమెరికాలో దాన్ని తప్పనిసరి చేశారు. నూలెంత, పాలిస్టర్ ఎంత అని శాతాలు రాసి ఉంటే దాదాపుగా 1960 తర్వాతది. ఏ ఒక్క గుర్తునూ గుడ్డిగా నమ్మకూడదు. లేబుల్ ఊడిపోవచ్చు, జిప్పు మార్చి ఉండొచ్చు. మూడు నాలుగు గుర్తులు ఒకే దశకం వైపు చూపిస్తేనే ఆ మాట నిలుస్తుంది.

అమెరికా సైన్యం సరుకైతే ఇంకా తేలిక. 1960ల నాటి లేబుల్ మీద డీఎస్‌ఏ-100 అని మొదలయ్యే కాంట్రాక్టు నంబర్ ఉంటుంది. దాని వెనక వచ్చే రెండంకెలు ఏడాది. 69 అని ఉంటే 1969 బడ్జెట్ సంవత్సరం అన్నమాట. స్టాక్ నంబర్ 8405తో మొదలైతే మగవాళ్ల పైదుస్తులు, 8410 అయితే ఆడవాళ్లవి. ఇన్ని కోట్ల బట్టల్లో ఆడవాళ్ల సరుకుకు సైన్యం వేరే అంకె ఇచ్చిందని తెలిసినవాళ్లకు పాతబట్టల కుప్పలో చెయ్యి పెట్టడం వేరుగా ఉంటుంది.

కొనే ముందు చేయాల్సినవి మరికొన్ని. లేబుల్ మీది సైజును పక్కన పెట్టి చంక నుంచి చంకకు టేపు పట్టాలి. 1958 నాటి అమెరికన్ ప్రమాణంలో 8 సైజంటే ఛాతీ 31 అంగుళాలు. నేటి 8 అంతకంటే చాలా వదులు. తర్వాత జాకెట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టాలి. మడతల దగ్గర బట్ట చివికి ఉంటే సన్నని గీతలుగా కాంతి తొంగిచూస్తుంది. చివికిన బట్టను ఏ దర్జీ బాగుచేయలేడు. గుండీ ఊడినా, కాజా పిగిలినా భయం లేదు. ఇనుప బకిల్ చుట్టూ తుప్పు మరకలు మాత్రం వదలవు. గుండీలు నిశితంగా చూడాలి: కోరోజో అనే తాటిజాతి చెట్టు గింజతో చేసినవైతే వేలిముద్రలాంటి సన్నని గీతలు కనిపిస్తాయి. ఆ గుండీలు అన్నీ సరిగ్గా ఉంటే ధర పెరుగుతుంది.

దాచడంలో మన వాతావరణం కాస్త ఇబ్బందే. వానాకాలంలో తేమకు నూలు బట్టకు బూజు పడుతుంది, ప్లాస్టిక్ సంచిలో పెడితే ఇంకా తొందరగా. ఉతికి, బాగా ఆరబెట్టి, పాత నూలు చీరలో చుట్టి, మధ్యమధ్య గాలి తగలనివ్వడం మేలు. సన్న తీగ హ్యాంగర్‌కు తగిలిస్తే బరువుకు భుజాలు సాగిపోతాయి. చిరుగు పడితే రఫ్ఫు చేయించుకోవచ్చు. హైదరాబాదులో ఆ పని తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు.

ఈ జాకెట్ల మీద ఒక వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఖాకీ పాలించినవాళ్ల రంగు, సఫారీ వాళ్ల వేట. 2018లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య మెలానియా ట్రంప్ కెన్యాలో తెల్లదొరల నాటి తెల్ల ఎండటోపీ (పిత్ హెల్మెట్) పెట్టుకుని కనబడగానే వలసపాలన గుర్తుకు తెచ్చిందని విమర్శలు చెలరేగాయి. ఆ విమర్శలో నిజముంది. ఖాకీ మాట మనది, ఆ రంగు కట్టింది మన ఉపఖండం సిపాయిలే. ఆ జాకెట్‌కు ఈ చరిత్ర కూడా లేబుల్ లాంటిదే, చదివి మరీ ఉంచుకోవాలి.

మంచి సేకరణదారులు చివరికి మళ్లీ ఛాతీ జేబు మూత ఎత్తి చూస్తారు. నలభై ఏళ్ల ఎండకు పైబట్ట గోధుమరంగుకు వెలిసిపోయి ఉంటుంది. మూత కింద, గుండీ నీడ పడ్డచోట, తొలిరోజు రంగు అరంగుళం మేర అలాగే ఉంటుంది. ఆ కింద సంచి ఉందో లేదో వేలు పెట్టి చూసి, మూత మళ్లీ గుండీ పెట్టేస్తారు.