శరద్వనయాత్ర: వెళ్ళినవారు, విన్నవారు

శరదృతువును వర్ణించని భారతీయ మహాకవి అరుదు. తేరిన నీళ్ళు, విచ్చిన తామరలు, తెల్లని మేఘాలు కావ్యం తరువాత కావ్యంలో కనిపిస్తాయి. భాగవత దశమస్కంధంలోని 20, 21 అధ్యాయాలు ఈ సంప్రదాయానికి చెందినవే అయినా, వాటిలో ఋతుశోభను మించిన విషయం ఒకటి ఉంది. ఆ ఎండపూట అడవికి ఎవరు వెళ్ళారు, ఎవరు ఊరిలో ఉండిపోయారు అన్నదే ఆ విషయం.

20వ అధ్యాయంలో శుకుడు చూపే ప్రతి దృశ్యానికీ ఒక నీతి జతపడుతుంది. నీరు తరిగిపోతున్నా తెలుసుకోని చేపలు, ఆయువు తరుగుతున్నా ఎరుగని సంసారులను తలపిస్తాయి. సర్వస్వం విడిచి తెల్లబడిన మేఘాలు కోరికలు వీడిన మునులవలె ప్రకాశిస్తాయి. ఉపమానాలు గంభీరమైనవే కాని, వాటి బరువుకు ప్రకృతి కొంత మరుగున పడుతుంది. వానకు చిక్కుబడి ఉండిన వర్తకులు, మునులు, రాజులు, స్నాతకులు తమ తమ పనులపై బయలుదేరారన్న మాటతో అధ్యాయం ముగుస్తుంది. ఈ పట్టికలో స్త్రీల ప్రసక్తి లేదు.

తరువాతి అధ్యాయం ఆరంభంలో కృష్ణుడు గోపాలురతో, గోవులతో బృందావనం ప్రవేశించి వేణువు ఊదుతాడు. అక్కడినుంచి వర్ణన వ్రజస్త్రీల వశమవుతుంది. వారు అడవిలో లేరు. కృష్ణునికి పరోక్షంగా, చెలులతో చెప్పుకుంటున్నారని శుకుడే స్పష్టం చేస్తాడు. చెవిన పడిన నాదం ఒక్కటే ఆధారంగా వారు వనమంతటినీ నిర్మిస్తారు. ఆవులు చెవులు దొప్పలుగా నిలిపి ఆ గానామృతాన్ని తాగుతున్నాయి. దూడలు నోటి పాలు మింగడం మరచాయి. పక్షులు కొమ్మలపై మౌనం దాల్చాయి. ఎండలో నడిచే మిత్రునికి మేఘం గొడుగు పట్టింది. ఇక్కడ నీతిబోధ లేదు. ప్రతి ప్రాణీ తన సహజరూపంలో కనబడుతుంది. వేణుగీతాన్ని భక్తికావ్యంగా చదవడం సముచితమే. అయితే ఆ భక్తికి తీవ్రతనిచ్చింది దూరం.

ఆడలేళ్ళు తమ మగలేళ్ళతో కూడి వచ్చి పూజించాయని గోపికలు ప్రత్యేకించి అంటారు. ఆ మాటలో తమ ఇళ్ళ సంగతి ధ్వనిస్తుంది. గడ్డిపై అంటిన పాదకుంకుమను పూసుకొన్న పులిందస్త్రీలను వారు ధన్యులంటారు. ఊరివారు అడవిజాతి స్త్రీల భాగ్యాన్ని కోరుకోవడం ఈ అధ్యాయంలోని అత్యంత సాహసికమైన భావన. 29వ అధ్యాయంలో ఆ గోపికలే శరద్రాత్రి పొయ్యిమీది పాలు విడిచి, భర్తలు, తండ్రులు, సోదరులు వారిస్తున్నా బయలుదేరుతారు. పగలు దక్కని వనం వారికి రాత్రి దక్కింది. ఇల్లు దాటలేకపోయినవారు కొందరున్నారని కూడా కవి మరువలేదు.

పోతన ఆంధ్రీకరణం ద్వారా ఈ ఘట్టాలు తెలుగువారికి ఇంటిసొత్తు అయినాయి. కార్తికంలో ఉసిరిచెట్ల నీడన జరిగే వనభోజనాలకు నేడు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు కలిసి వెళుతున్నారు. గోపికలకు పగటివేళ లభించనిది కొంతవరకు ఇక్కడ లభించింది. కాని ఇటీవలి దశాబ్దాలలో వనభోజనాలు కులసంఘాల పేరనూ జరుగుతున్నాయి. పులిందస్త్రీని ధన్యురాలన్న కావ్యాన్ని ఆదరించే సమాజం, తన పంక్తికి వెలుపల ఎవరున్నారో ఒకసారి పరికించడం అవసరం.