ఉద్దానం జానపద ధ్వనిముద్రణల్లో కంప్రెసర్ వినియోగం: ఒక విమర్శ

కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని తగ్గించి, పెద్ద చిన్న శబ్దాల మధ్య తేడాను కుదిస్తుంది. ఆ తేడాయే ఒక కళకు ప్రాణమైనప్పుడు ఎంత కుదించాలి? శ్రీకాకుళం జిల్లా జానపద కళలను ఆధారం చేసుకుని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

2020లో విడుదలైన ‘పలాస 1978’ చిత్రానికి రఘు కుంచె సంగీతం సమకూర్చారు. అందులోని ‘నక్కిలీసు గొలుసు’ పాట ఉత్తరాంధ్ర జానపద బాణీని ఎందరికో వినిపించింది. సినిమా పాట థియేటర్‌లోనూ, ఆటోలోనూ, ఫోన్ స్పీకర్‌లోనూ ఒకేలా వినబడాలి. కాబట్టి దానికి గట్టి కుదింపు న్యాయమే. అయితే సంబరాల్లో రికార్డు చేసిన తప్పెటగుళ్ళకూ, జముకుల కథకూ అదే కొలత వాడితే నష్టం జరుగుతుంది.

ఒక లెక్క చూడండి. తప్పెటపై మెల్లని దెబ్బ మైనస్ 20 డెసిబెల్స్, గట్టి దెబ్బ మైనస్ 8 అనుకుందాం. తేడా 12. థ్రెషోల్డ్ మైనస్ 20 వద్ద, రేషియో 4:1గా పెడితే గట్టి దెబ్బ మైనస్ 17కు దిగుతుంది. తేడా 3 మాత్రమే మిగులుతుంది. తగ్గిన 9 డెసిబెల్స్‌ను మేకప్ గెయిన్‌తో పూరిస్తే గట్టి దెబ్బ పాత స్థాయికి వస్తుంది. కాని దానితోపాటు కొబ్బరాకుల రొద, జనరేటర్ మోత కూడా 9 డెసిబెల్స్ పైకి లేస్తాయి. ముందు పాడే గురువుకూ, వెనక అందుకునే వంతగాళ్ళకూ మధ్య ఉన్న దూరం చెరిగిపోతుంది.

ఇక ఎంపిక. 1967లో వచ్చిన 1176 కంప్రెసర్ అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్ల వరకు ఉంటుంది. అంటే దాని అతి నెమ్మది అటాక్ కూడా మిల్లీసెకనులోపే. ఇది తప్పెట దెబ్బ మొదటి అంచునే పట్టి అణచగలదు. ఆ అంచు నిలవాలంటే అటాక్‌ను 20, 30 మిల్లీసెకన్లకు పెంచగలిగే కంప్రెసర్‌ను ఎంచుకోవాలి. సాగదీసి పాడే గొంతుకు ఎల్.ఎ.2ఎ వంటి ఆప్టికల్ రకం నప్పుతుంది. దాని రిలీజ్ మొదటి సగం త్వరగా, మిగతాది నెమ్మదిగా సాగుతుంది కనుక గొంతు ఊగిసలాడదు.

రిలీజ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తప్పెటగుళ్ళ ఆట సాగేకొద్దీ వేగం పుంజుకుంటుంది. నిమిషానికి 120 దెబ్బలుంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. 240 అయితే పావు సెకను. రిలీజ్ 800 మిల్లీసెకన్లయితే కంప్రెసర్ కోలుకునేలోపే మరో దెబ్బ పడుతుంది. ఆట ఊపందుకోవలసిన చోటే శబ్దం అణిగినట్లవుతుంది. జముకు సంగతి వేరు. తోలుకు కట్టిన తంత్రిని లాగి, వదిలి పలికించే ఆ జారుడు ధ్వనిలో చివరి మెల్లని భాగమే అందం. రిలీజ్ మరీ చిన్నదైతే ఆ తోక అసహజంగా ఉబ్బుతుంది.

‘మాస్టరింగ్‌లో గట్టిగా కుదించకపోతే మన పాట చిన్నగా వినిపిస్తుంది’ అనే వాదన ఉంది. కాని యూట్యూబ్ దాదాపు మైనస్ 14 ఎల్.యు.ఎఫ్.ఎస్. కన్నా బిగ్గరగా ఉన్నవాటిని తగ్గించి వినిపిస్తుంది. మైనస్ 8కి బిగించినా 6 డెసిబెల్స్ కోత పడుతుంది. బిగ్గరతనం పోతుంది, నష్టం మిగులుతుంది. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ సీడీపై ఇదే విమర్శ వచ్చింది. అదే సంగీతం గిటార్ హీరో ఆటలో తక్కువ కుదింపుతో విన్నవారు తేడాను స్పష్టంగా పట్టుకున్నారు.

కుదింపు అక్కర్లేదని కాదు. టెక్కలి, పలాస బస్సులో ప్రయాణిస్తూ వినేవారికి అది ఉపకారమే. అందుకే రెండు ప్రతులుండాలి: ప్రచారానికి కుదించినది, భద్రపరచడానికి కుదించనిది. ఆడేవారు తగ్గుతున్న కళకు రేపు రికార్డే సాక్ష్యం. మాస్టరింగ్‌లో నలిగిన జోరును ఏ పరికరమూ పూర్తిగా తిరిగి తేలేదు.

అభ్యాసం: మీ ప్రాంతపు జానపద రికార్డింగు ఒకటి తీసుకుని కంప్రెసర్‌తోనూ, అది లేకుండానూ వినండి. రెండింటి శబ్దస్థాయిని ముందుగా సమం చేయండి. లేకపోతే బిగ్గరగా ఉన్నదే చెవికి మేలుగా తోస్తుంది. ఏ వివరం దక్కింది, ఏది పోయింది అన్నది పది వాక్యాల్లో రాయండి.