వేదికలు మారినా నిలవవలసిన చర్చ: తెలుగు అంతర్జాల సాహిత్య సమూహాలు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు విమర్శ చరిత్ర రాసేవారికి పత్రికలు ప్రధానమైన ఆధారాలు. వాడుకభాషా వాదాన్ని ఉదాహరణగా తీసుకుంటే, గురజాడ 1914 నాటి అసమ్మతి పత్రం, గిడుగు 1919లో ప్రారంభించిన ‘తెలుగు’ పత్రిక ఆ వాదం నడిచిన తీరును నేటి పరిశోధకుడికి చూపుతున్నాయి. వాదప్రతివాదాలు అచ్చులో నిలవడం వల్లనే ఇది సాధ్యమైంది. 1990ల నుంచి సాహిత్య చర్చలో కొంత భాగం అంతర్జాలానికి తరలింది. అక్కడి వేదికలు తరచుగా మారాయి, కొన్ని మూతపడ్డాయి. ఈ మార్పుల మధ్య తెలుగు పాఠకులు ఏ విద్యలు అలవరచుకున్నారు, ఏది అలవరచుకోలేదు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. లిపి విద్య

తొలినాళ్లలో కంప్యూటర్ తెరపై తెలుగు లిపిని చూడడం సులభం కాదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి ఆ లోటును కొంత తీర్చింది. ఇందులో రోమన్ చిన్న ‘ఎల్’ లకారానికి, పెద్ద ‘ఎల్’ ళకారానికి. చిన్న ‘ఎన్’ నకారానికి, పెద్ద ‘ఎన్’ ణకారానికి గుర్తులు. పరాయి లిపిలో రాస్తున్నప్పటికీ వర్ణభేదం పాటించక తప్పదు. నేటి వాట్సాప్ సందేశాల్లోని నియమరహితమైన రోమన్ తెలుగులో ‘పాలు’, ‘పలు’ అనే పదాలు ఒకే రూపంలో కనిపించవచ్చు. యూనికోడ్ వ్యాపించాక ‘లేఖిని’ వంటి ఉపకరణాలు రోమన్ మీటలతోనే తెలుగు లిపిలో రాసే వీలు కల్పించాయి. వేళ్లకు అలవడిన పాత పద్ధతి కొత్త లిపికి వంతెన అయింది.

3. సంభాషణ రీతి

‘రచ్చబండ’ వంటి ఈమెయిల్ చర్చాసమూహాల్లో పూర్వలేఖలోని వాక్యాన్ని చూపి, దాని కింద సమాధానం రాసే వీలుండేది. ఏ మాటకు ఏది ప్రత్యుత్తరమో దీనివల్ల తెలిసేది. 1998లో ఆరంభమైన ‘ఈమాట’ జాలపత్రికలో రచన కిందనే పాఠకుల అభిప్రాయాలు చేరాయి. ఫేస్‌బుక్‌లో మాత్రం ఏ రచన ఎవరికి ముందు కనిపించాలో వేదికే నిర్ణయిస్తుంది. స్పందన ఒక్క మీటతో ముగియవచ్చు. ఒకచోట సుదీర్ఘ ఖండన రాసిన పాఠకుడే మరొకచోట ఒక చిహ్నంతో సరిపెట్టవచ్చు. దీనిని అభిరుచి పతనంగా నిర్ధారించడం తొందరపాటు. వేదిక కోరిన రీతిని పాఠకుడు నేర్చుకున్నాడని చెప్పడమే సమంజసం. కాబట్టి స్పందనను అంచనా వేసే విమర్శకుడు అది వెలువడిన వేదిక స్వభావాన్ని కూడా పరిశీలించాలి.

4. అలవడని విద్య

ఆర్కుట్ 2014లో మూతపడింది. గూగుల్ ప్లస్ సాధారణ వినియోగదారులకు 2019లో అందకుండా పోయింది. యాహూ గ్రూప్స్ సేవ 2020 డిసెంబరులో ముగిసింది. అక్కడి పాత సందేశాల తొలగింపును సంస్థ 2019లోనే ప్రకటించింది. ఇలాంటి సందర్భాల్లో సభ్యులు తమ నైపుణ్యాన్ని, పరిచయాలను కొత్త చోటుకు తీసుకువెళ్లగలరు. చర్చలను భద్రపరచడం మాత్రం కొందరి వ్యక్తిగత శ్రద్ధకే మిగిలిపోతుంది.

తెలుగు వికీపీడియా దీనికి భిన్నమైన ఉదాహరణ. 2003లో మొదలైన ఈ విజ్ఞానసర్వస్వంలో ప్రతి పుటకూ మార్పుల చరిత్ర, చర్చాపుట ఉంటాయి. తొలగించిన వాక్యాన్ని కూడా సాధారణంగా ఆ చరిత్రలో చూడవచ్చు. అక్కడ భద్రపరచడం వేదిక నిర్మాణంలోనే ఉంది. సభ్యులకు అది సహజమైన అలవాటవుతుంది. వేదిక కోరిన విద్య త్వరగా అలవడుతుందని, కోరని విద్య వెనుకబడుతుందని ఈ పోలిక సూచిస్తుంది.

అన్ని మాటలనూ భద్రపరచాలా అన్న అభ్యంతరం సమంజసమైనదే. పరిమిత సమూహాన్ని ఉద్దేశించి రాసిన లేఖను రచయిత అనుమతి లేకుండా బహిరంగపరచడం న్యాయం కాదు. అయితే ఆ సంకోచం సేకరణ విధానాన్ని నిర్ణయించాలి కాని, సేకరణనే నిలిపివేయరాదు.

5. ముగింపు

లిపి, సంభాషణ రీతి అనే రెండు విద్యలను పాఠకులు సొంతంగా సాధించారు. మూడవది విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేపట్టవలసిన బాధ్యత. సమకాలీన రచయితలపై పరిశోధించేవారు వ్యక్తుల వద్ద మిగిలిన చర్చల ప్రతులను అనుమతితో సేకరించి, తేదీ, వేదిక, ప్రత్యుత్తరాల క్రమంతో సహా అనుబంధాలుగా చేర్చడం ఇందుకు తొలి మెట్టు. అలా చేయని పక్షంలో గత మూడు దశాబ్దాల విమర్శలో అచ్చయిన వ్యాసాలు మిగిలినా, వాటిని ప్రశ్నించిన పాఠకుల వాదాలు భావి పరిశోధకులకు అందవు.