పిలిస్తేనే తిరిగే ఫ్యాను

అమెరికాలో పాత పికప్ ట్రక్కులను సొంతంగా బాగుచేసుకునే వాళ్లు తుక్కు కార్ల యార్డులో ఒక భాగం కోసం పనిగట్టుకుని వెతుకుతారు. 1988 నుంచి 1995 దాకా 3.8 లీటర్ల వి6 ఇంజినుతో వచ్చిన ఫోర్డ్ టారస్ కార్లలో రేడియేటర్ వెనక ఉండే రెండు వేగాల ఎలక్ట్రిక్ ఫ్యాను అది. కారు తుక్కుకి పోయినా, ఫ్యాను ఏదో ఒక ట్రక్కులో మళ్లీ కొలువుకి చేరుతుంది.

టారస్‌లో ఇంజిను అడ్డంగా ఉంటుంది. బెల్టూ పుల్లీలూ పక్క చక్రం వైపు ఉండిపోతాయి కాబట్టి ఇంజినుతో ఫ్యాను తిప్పించే వీల్లేదు, మోటారు పెట్టక తప్పలేదు. పాతకాలపు పికప్‌లో ఇంజిను నిలువు. వాటర్ పంపు షాఫ్టు మీదే, జిగట సిలికోన్ ద్రవం నింపిన క్లచ్‌తో ఫ్యాను తిరుగుతుంది. ముచ్చటైన ఏర్పాటే, వంక పెట్టను. చిక్కల్లా ఇంజిను మెల్లబడితే ఫ్యానూ మెల్లబడటం. హైవే మీద ఎదురుగాలే చాలు. ట్రైలర్ లాగుతూ కొండెక్కి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు గాలి కావాలి, సరిగ్గా అప్పుడే బెల్టు ఫ్యాను నీరసిస్తుంది. మోటారు ఫ్యానుకి ఇంజిను వేగంతో నిమిత్తం లేదు.

మంచి పనివాణ్ణి ష్రౌడ్ దగ్గర, అంటే ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు దగ్గర, గుర్తుపట్టొచ్చు. రేడియేటర్ పలక నలుచదరం, ఫ్యాను గుండ్రం. ష్రౌడ్ లేకపోతే రెక్కల ఎదురుగా ఉన్నంత మేరకే గాలి లాగుతుంది, మూలలు కాగుతూనే ఉంటాయి. టారస్ ఫ్యానుకి ఇంత గిరాకీ రావడానికి సగం కారణం దాని ఒంటిముక్క ప్లాస్టిక్ ష్రౌడే. దాన్ని ట్రక్కు రేడియేటర్ కొలతకు కోసి, అల్యూమినియం పట్టీలు వంచి పక్క చట్రానికి బోల్టులు బిగించి, అంచు పొడుగునా స్పాంజి పట్టీ అంటిస్తారు. ఎక్కడ సందు దొరికినా గాలి అటే పోతుంది, వేడెక్కిన ఫిన్నుల మధ్య నుంచి రాదు. ఫిన్నుల్లోంచి ప్లాస్టిక్ టైలు గుచ్చి ఫ్యాను కట్టేసే వాళ్లూ ఉన్నారు. అదురుకి ఆ టై ట్యూబుని ఒరుసుకుని కొన్నాళ్లకు చిల్లు పెడుతుంది. దాన్ని పని అనడానికి నాకు నోరు రాదు.

తర్వాత వైరింగ్. పూర్తి వేగంలో ఈ మోటారు 30 ఆంపియర్లు దాటి లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. ఆ కరెంటు డాష్‌బోర్డు స్విచ్ మీదుగా పోకూడదు. బ్యాటరీని ఆనుకుని ఫ్యూజు, అక్కణ్ణుంచి లావుపాటి వైరు రిలే 30వ పిన్నుకి, 87 నుంచి మోటారుకి. రిలేని ఆన్ చేసే 85, 86 పిన్నులకు సన్న వైర్లు చాలు. ఎర్త్ వైరూ అంతే లావుండాలి, చాలామంది పీనాసితనం చూపేది ఇక్కడే. రెండు వేగాలకు రెండు రిలేలు. ఒకటి అందుకోగానే రెండోది వదిలేసేలా కట్టడంలో ఉంది నేర్పు. ఆల్టర్నేటర్ చిన్నదైతే అదీ మార్చాలి. లేదంటే ఫ్యాను అందుకున్నప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారతాయి.

అన్నిటికన్నా నాకు నచ్చేది ఫ్యానుని ఊరుకోబెట్టే తీరు. థర్మోస్టాట్ 195 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 90 సెల్సియస్ దగ్గర తెరుచుకునేదైతే, ఫ్యాను అంతకు పైన మొదలవ్వాలి. కిందికి పెడితే వేడి నిలపాలని థర్మోస్టాట్, చల్లార్చాలని ఫ్యాను పోట్లాడుకుంటాయి, మోటారుకి విరామం ఉండదు. సగం నీళ్లు, సగం కూలెంట్ పోసి 15 పౌండ్ల ఒత్తిడి ఆపే రేడియేటర్ మూత బిగిస్తే మరిగేది 265 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర కాబట్టి తొందరేం లేదు. ఒక్క ఏసీ వేసినప్పుడు మాత్రం ఇంజిను చల్లగా ఉన్నా ఫ్యాను తిరగాలి. కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది, దానికీ ఇదే గాలి.

పద్దెనిమిది చక్రాల ట్రక్కుకి ఈ విద్య పారదు. 30 ఆంపియర్లంటే దాదాపు 400 వాట్లు, అర హార్స్‌పవర్ పైచిలుకు. ఆ ట్రక్కు ఫ్యాను జోరుగా తిరిగితే పదుల హార్స్‌పవర్లు మింగుతుంది. అందుకే అక్కడ ఇప్పటికీ బెల్టు ఫ్యానే ఉంది. కాకపోతే దానికీ గాలి ఒత్తిడితో పనిచేసే క్లచ్ పెట్టి, వేడెక్కినప్పుడే అందుకునేలా చేశారు.